ఇంటి పైకప్పుకు ఏది వేయాలి? పునాది తీయకముందే తేల్చుకోవలసిన సంగతి

ఇల్లు కట్టుకునేవారిలో చాలామంది పైకప్పు గురించి గోడలు లింటెల్ మట్టానికి లేచాక గాని ఆలోచించరు. అప్పటికి చేతిలో ఎంత డబ్బు మిగిలింది, మేస్త్రీ ఏమన్నాడు, పక్కింటివారు ఏమి వేసుకున్నారు అన్న మూడింటి మీదే నిర్ణయం జరిగిపోతుంది. పైకప్పు ఏదో తేలనిదే పునాది ఎంత లోతు, గోడ ఎంత మందం, పిల్లర్లు కావాలా అక్కరలేదా అన్నవి కూడా తేలవు కనుక, ఈ నిర్ణయం ముగ్గు పోయడానికి ముందే జరగాలి.

బరువుల లెక్క చూస్తే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు తూగుతుంది. వంద చదరపు గజాల ఇంటి మీద అది దాదాపు 26 టన్నులు, పైన వేసే వాలు పూత, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు వేరు. అదే చోట మంగుళూరు పెంకులు వేస్తే, అవి ఆనే రీపర్లతో, అంటే అడ్డబద్దలతో కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు, ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకు అయితే 16 కిలోల దాకా, అర మిల్లీమీటరు ఇనుప రేకు అయితే 5 కిలోలు. నల్లరేగడి నేలలో, అంటే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే భూమిలో, ఈ తేడా పునాది ఖర్చులో వెంటనే కనబడుతుంది. రేకుల ఇల్లుగా మొదలుపెట్టి, సగంలో మనసు మార్చుకుని, ఆ పునాది మీదే స్లాబు పోయించడం కన్నా ప్రమాదకరమైన పొదుపు ఇంకొకటి లేదు.

కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న, రేపో మాపో మీద ఇంకో అంతస్తు వేస్తారా అన్నది. వేస్తామంటే చర్చ అక్కడితో దాదాపు ముగిసినట్టే. స్లాబు తప్పదు, పునాదిని రెండు అంతస్తులకు సరిపడా ఇంజనీరు చేత లెక్క కట్టించుకోవాలి. పైకి వదిలిన పిల్లర్ల ఊచలను ఏళ్ళ తరబడి ఎండకు వానకు వదిలేస్తే తుప్పు పట్టి సన్నబడతాయి కనుక, వాటికి సిమెంటు పాలు పూసి, పలుచని కాంక్రీటుతో కప్పి ఉంచాలి. మీద అంతస్తు ఆలోచన లేనివారు, పల్లెలో విశాలమైన స్థలం ఉన్నవారు, తోటలో ఇల్లు వేసుకునేవారు మాత్రం స్లాబు ఒక్కటే మార్గమని అనుకోనక్కరలేదు. కోస్తాలో డాబా అన్నా, సీమలో మిద్దె అన్నా, తెలంగాణలో బంగ్లా అన్నా, స్లాబు ఇల్లు ఉండటం గౌరవమన్న భావన మనలో బలంగా ఉంది. గౌరవానికి ఎంత చెల్లించాలన్నది ఎవరి ఇష్టం వారిది. అవసరానికి ఎంత చెల్లించాలో మాత్రం లెక్కకు అందుతుంది.

మీ ఊరికి ఏది గండం?

పైకప్పు ఎండను, వానను, గాలిని ఆపాలి. మూడింటినీ సమానంగా ఆపే సామగ్రి లేదు కనుక, మీ ఊళ్ళో వాటిలో ఏది గండమో ముందు చూసుకోవాలి. రామగుండంలోనో నంద్యాలలోనో ఇల్లు కట్టేవారికి ఎండ ప్రధానం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట ఉన్నవారికి గాలి ప్రధానం. ఆ వెంటనే ఉప్పు గాలి తెచ్చే తుప్పు. ఏజెన్సీ ప్రాంతాల్లో వాన ఎక్కువ, దారులు తక్కువ కనుక, ఏది పాడైనా ఊళ్ళోనే బాగుచేసుకోగలగడం ప్రధానం.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనిని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. తుపాను గాలి పైకప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం. తక్కువ వాలు ఉన్న కప్పు మీదుగా గాలి వేగంగా పోతున్నప్పుడు జరిగేది పైకి లాగడమే. మూలల దగ్గర, చూరు అంచున, కొప్పు వెంట ఆ లాగుడు మరీ ఎక్కువ. తలుపో కిటికీయో విరిగి గాలి లోపలికి జొరబడితే, అది లోపలి నుంచి కూడా కప్పును పైకి తోస్తుంది. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కించడానికి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల వేగం, హైదరాబాదుకు 44 మీటర్ల వేగం ఇచ్చారు. యాభై మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. అయిదు కిలోలు తూగే రేకును అంత బలం పైకి లాగుతుంటే దాన్ని పట్టి ఉంచేది దాని సొంత బరువు కాదు, స్క్రూలు, బోల్టులు మాత్రమే. స్లాబుకు ఆ భయం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరిపోవడం చూసినవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

అందువల్ల తీరం నుంచి కొన్ని కిలోమీటర్ల లోపల ఉన్నవారు, డబ్బు ఏ మాత్రం కుదిరినా, కనీసం ఒక గదికైనా స్లాబు వేసుకోవాలన్నది నా అభిప్రాయం. గాలివాన రాత్రి ఇంటిల్లిపాదీ ఆ గదిలో తలదాచుకోవచ్చు. మిగిలిన ఇంటికి రేకులో పెంకులో వేస్తే, రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు గాలికి బాగా నిలుస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో పాతకాలపు చుట్టిళ్ళు గుండ్రంగా, శంఖువు ఆకారపు కప్పుతో ఉండటం ఊరికే కాదు. గాలికి పట్టు దొరికే మూల ఆ ఇంటికి లేదు. చూరు ఒకటిన్నర అడుగు మించి ముందుకు చాచకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలిపి ఒకే రేకుగా లాగకుండా విడిగా వేస్తే, వరండా కప్పు లేచిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది.

స్లాబు వేసేవారు చూసుకోవలసినవి

స్లాబు మంచిదా కాదా అన్నది అది పోసిన ఒక్క రోజు, ఆ తరువాతి రెండు వారాలు నిర్ణయిస్తాయి. ఇనుము కంపెనీ, సిమెంటు కంపెనీ గురించి నెలల తరబడి వాదించుకునేవారు, స్లాబు రోజున వంటల దగ్గరే ఉండిపోయి, కాంక్రీటులో ఎంత నీళ్ళు పోస్తున్నారో చూడకుండా వదిలేస్తారు. కలిపిన మాలు తట్టలో నుంచి జారుగా పడితే కూలీలకు పని తేలిక. కానీ అవసరాన్ని మించి పోసిన నీరు ఆవిరై పోయినచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఆ రంధ్రాల గుండానే తరువాత వాన నీరు ఊచలను చేరుతుంది. మాలును అదిరించి కుదించే వైబ్రేటరు తప్పక పెట్టించాలి. ఊచలు సెంట్రింగు రేకుకు ఆనకుండా కింద కవరు బిళ్ళలు పెట్టారా లేదా అన్నది పోయడానికి ముందు మీరే వంగి చూడాలి, కంకర రాయి ముక్క పెట్టి సరిపెట్టడాన్ని ఒప్పుకోకూడదు.

ఈ కవరు ఎంత ఉండాలన్నది ఊరిని బట్టి మారుతుంది. కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ పరిస్థితుల్లో ఊచ మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు, ఎం20 రకం సరిపోతుంది (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు గట్టిది). సముద్రపు గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్లు, ఎం30 రకం కావాలి. లోతట్టు ఊళ్ళో అలవాటైన మేస్త్రీ తీరానికి వచ్చి అదే పద్ధతిలో పోస్తే, కొన్నేళ్ళకే కింది నుంచి పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఊచలు బయట పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కనుకనే కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పైన ఎంత గట్టి ప్లాస్టరింగు చేసినా అది ఆగదు. తీరంలో సముద్రపు ఇసుక కలవకుండా చూడటం, బోరు నీరు ఉప్పగా ఉంటే మంచినీటి ట్యాంకరు తెప్పించడం కూడా ఇందులో భాగమే.

తడి పెట్టడం విషయంలో ప్రమాణం చెప్పేది ఇది: మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఎండ, పొడి గాలి ఎక్కువైతే పది రోజులు, బూడిద కలిసిన పీపీసీకి కనీసం పది రోజులు, ఎండాకాలంలో పద్నాలుగు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది పీపీసీయే కనుక రెండు వారాలు అనుకోవడం క్షేమం. ఉదయం సాయంత్రం పైపుతో చల్లితే ఎండవేళ స్లాబు ఆరిపోతుంది. ఇసుక సిమెంటు కలిపి చిన్న గట్లు కట్టి, మడుల్లా చేసి, నీరు నిలగట్టాలి. సెంట్రింగు విప్పడానికి కూడా తొందరపడకూడదు. గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే కనీసం ఏడు రోజులు, మించితే పద్నాలుగు రోజులు ఆధారాలు అలాగే ఉండాలి. పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగడం మేలు. అద్దెకు తెచ్చిన సెంట్రింగు సామాను ఇంకో చోటికి పోవాలని మేస్త్రీ ఒత్తిడి చేస్తే, ఆ అదనపు అద్దె మీరే ఇచ్చుకోవడం నష్టం కాదు.

స్లాబు ఇళ్ళు కురవడానికి పెద్ద కారణం పైన వాలు సరిగా లేకపోవడం. ప్రతి పది అడుగులకు సుమారు ఒకటిన్నర అంగుళం వాలు ఉంటే నీరు నిలవదు. వాస్తు ప్రకారం నీరు ఈశాన్యానికి పోవాలని అంటారు. అభ్యంతరం లేదు, కానీ ఆ మూల తూము, కింద గొట్టం, ఆ నీరు పోవడానికి దారి కూడా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క తూముతో సరిపెట్టవద్దు, రెండు పెట్టించండి. వేపాకు రాలే కాలంలో ఒకటి పూడుకుపోతే రెండవది ఆదుకుంటుంది. పిట్టగోడ స్లాబును కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా ఒంపు చేయించాలి, ఎందుకంటే చెమ్మ మొదట దిగేది ఆ గీత వెంటే. వాలు పూత, గొట్టాల పని అయ్యాక తూములు మూసి, మూడు అంగుళాల నీరు రెండు రోజులు నిలబెట్టి, కింది గదుల్లో తడి మరకలు వస్తున్నాయా అని చూసిన తరువాతనే రంగులు వేయించాలి.

ఇక వేడి సంగతి. స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి దాన్ని గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేస్తే వేడి గాలి కొడుతోందని మే నెలలో అందరూ అనుకునేది ఇందుకే. ఆ వేడి గాలిది కాదు, నెత్తి మీది కాంక్రీటుది. ఇంటి వేడికి తక్కువ ఖర్చులో మంచి మందు తెల్ల సున్నం. మార్చి చివరిలోగా డాబాను చీపురుతో ఊడ్చి, కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేస్తే ఎండలో పెద్ద భాగం వెనక్కి తిరిగిపోతుంది. వానలకు అది కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి. ఏటా వేయలేనివారు తెల్ల కూల్ రూఫ్ పెయింటు గాని, విరిగిన తెల్ల టైలు ముక్కలు పరిచిన చైనా మొజాయిక్ గాని చేయించుకోవచ్చు. మొజాయిక్ వాలును కూడా సరిచేస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది, అయితే స్లాబు మీద బరువు పెంచుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం సారాంశం కూడా ఇదే, ఎండను తిప్పికొట్టే కప్పు. తాటాకులు దొరికే ఊళ్ళో ఎండాకాలం డాబా మీద పందిరి వేయడం ఇప్పటికీ ఉన్న అలవాటు. చల్లదనానికి దాన్ని మించింది లేదు, నిప్పు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి.

సోలార్ పలకలు పెట్టాలనుకునేవారికి స్లాబు అనువుగా ఉంటుంది. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని జాగా అవసరం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తున్నారు. పలకల కింద పడే నీడ ఆ మేరకు గదిని చల్లబరుస్తుంది, ఇది అడగకుండా వచ్చే లాభం. నీళ్ళ ట్యాంకును, మెట్ల గదిని దక్షిణం వైపు లేపితే పలకల మీద నీడ పడుతుంది కనుక, ప్లాను గీసే రోజే వాటి చోటు ఆలోచించుకోవాలి.

ఖర్చు తగ్గించుకుంటూ స్లాబే వేయాలనుకునేవారు ఫిల్లర్ స్లాబు గురించి ఇంజనీరును అడగవచ్చు. స్లాబు కింది సగంలో లాగుడును భరించేది ఇనుమే గాని కాంక్రీటు కాదు కనుక, ఊచల గళ్ళ మధ్య మంగుళూరు పెంకులను ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టి, అంత మేరకు కాంక్రీటు తగ్గిస్తారు. పెంకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని కొంత ఆపుతుంది. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఈ పద్ధతిని విస్తారంగా వాడి చూపించారు. దీనికి అనుభవం ఉన్న మేస్త్రీ దొరకడమే కష్టం. దొరక్కపోతే ప్రయోగం మీ ఇంటి మీద చేయించుకోవద్దు.

పెంకులు

మనం బెంగుళూరు పెంకులని పిలిచేవి నిజానికి మంగుళూరువి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థకు చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ 1865లో మంగుళూరులో వాటి కార్ఖానా పెట్టారు. మన వైపు వచ్చేసరికి ఊరి పేరు మారిపోయింది. పెంకుటిల్లు చల్లగా ఉంటుందన్న మాటలో అతిశయం లేదు. పెంకుల సందుల నుంచి వేడి గాలి పైకి పోతుంది, మట్టి కనుక రేకులా మండదు, సాయంత్రం త్వరగా చల్లారుతుంది. ఎక్కడో ఒక పెంకు పగిలితే ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. స్లాబు కురిస్తే నీరు ఎక్కడ దిగి ఎక్కడ కారుతోందో తెలియక ఏళ్ళు గడిచే ఇళ్ళున్నాయి. పెంకుటింట్లో వెలుతురు కనబడిన చోటే లోపం.

పెంకు కొనేముందు వేలి మెటికతో కొట్టి చూడాలి. ఖంగున మోగితే బాగా కాలినది, బద్దగా పలికితే పచ్చిది. ఇంకొంచెం గట్టి పరీక్ష కావాలంటే, ఎండిన పెంకును తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచాలి. పెరిగిన బరువు మొదటి బరువులో అయిదో వంతుకు మించితే ఆ లాటు వదిలేయండి. కూల్చిన ఇళ్ళ నుంచి వచ్చే పాత పెంకులు చౌకగా దొరుకుతాయి, వాటిలో చాలావరకు కొత్తవాటి కన్నా గట్టివి. అయితే ఒకే కార్ఖానా ముద్ర ఉన్నవి తీసుకోవాలి, వేర్వేరు కార్ఖానాల పెంకులు ఒకదానిలో ఒకటి కూర్చోవు. వాలు తక్కువైతే గాలికి వాన నీరు సందుల్లోంచి వెనక్కి ఎక్కుతుంది కనుక, ప్రతి రెండు అడుగుల వెడల్పుకు కనీసం ఒక అడుగు ఎత్తు ఉండేలా వాసాలు వేయించాలి.

పెంకుటింటి అసలు ఖర్చు పెంకులో కాదు, కలపలో ఉంది. టేకు కొనలేనివారు ఇనుప గొట్టాలతో వాసాలు, రీపర్లు చేయించుకుంటున్నారు. చెదల భయం పోతుంది, తుప్పు రంగు మాత్రం బాగా వేయించాలి. తీర ప్రాంతంలో చూరు వెంట, కొప్పు వెంట ఉన్న వరుసలను తీగతో రీపరుకు కట్టించాలి, ఎందుకంటే గాలికి మొదట లేచేవి అవే. కుమ్మరులు చేసే గూన పెంకుల ఇంటికి ఏటా వానలకు ముందు పెంకులు సర్దించడం తప్పదు, సర్దేవారు ఇప్పుడు దొరకడం లేదు. ఇంకొక మాట మొహమాటం లేకుండా చెప్పాలి: మీ ఊళ్ళో కోతుల గుంపు ఉంటే పెంకుల ఆశ వదులుకోండి. తెలంగాణ పల్లెల్లో ఎన్నో పెంకుటిళ్ళు రేకుల ఇళ్ళుగా మారడానికి వానలూ గాలీ కారణం కాదు, కోతులే.

రేకులు

సిమెంటు రేకులుగా మనకు తెలిసినవాటిలో ఆస్బెస్టాస్ పీచు కలుస్తుంది. ఈ పీచు అన్ని రకాలనూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. అరవైకి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. మన దేశంలో రేకుల తయారీ, అమ్మకం సాగుతూనే ఉన్నాయి. కప్పు మీద కదలకుండా ఉన్న మంచి రేకు కన్నా, కోసేటప్పుడు, రంధ్రాలు పెట్టేటప్పుడు, పగిలినప్పుడు లేచే దుమ్ము ప్రమాదకరం. కొత్తగా వేసేవారికి నా సలహా ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకును గాని, ఇనుప రేకును గాని అడగమనే. పాత రేకులు ఉన్నవారు వాటిని గీకి రంగు వేయించవద్దు. తీసేయదలిస్తే నీళ్ళతో తడిపి, విరగకుండా బోల్టులు విప్పి దించాలి, ముక్కలను పొడి చేసి దారిలో గుంతలకు పోయకూడదు. ఇంకా ముఖ్యమైనది: ఏ సిమెంటు రేకు మీదా నేరుగా కాలు పెట్టకూడదు. ట్యాంకు చూడటానికో, పడిన బంతి తీయడానికో ఎక్కి, రేకు విరిగి పడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఎక్కక తప్పకపోతే కింద ఉన్న ఇనుప బద్దీల మీద ఆనేటట్టు వెడల్పాటి చెక్క పలక వేసుకుని దాని మీదే నడవాలి.

రంగు పూసిన ఇనుప రేకుల దుకాణంలో మొదట అడగవలసింది మందం. అర మిల్లీమీటరు అని చెప్పేది పూతలతో కలిపా, ఇనుము ఒక్కటేనా అన్నది తేల్చుకుని బిల్లు మీద రాయించుకోవాలి. రెండవది పూత: జింకు పూత చదరపు మీటరుకు 120 గ్రాములదీ ఉంటుంది, 275 గ్రాములదీ ఉంటుంది, కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి, వాన కింద పదేళ్ళు గడిస్తే తేడా తెలుస్తుంది. అల్యూమినియం, జింకు కలిపిన గాల్వాల్యూమ్ పూత 150 గ్రాములది ఇళ్ళకు బాగుంటుంది. సముద్రానికి మరీ దగ్గరగా ఉన్నవారు, ఖర్చు ఎక్కువైనా అల్యూమినియం రేకు గురించి ఆలోచించాలి.

బిగింపులో చేసే తప్పులే రేకుల ఇళ్ళను పాడుచేస్తాయి. గ్రైండరుతో రేకు కోస్తే ఎగిరిన నిప్పురవ్వలు రంగు పూతలో దిగబడి, నెల తిరగకముందే తుప్పు చుక్కలుగా కనబడతాయి. కత్తెరతో కోయించి, రాలిన ఇనుప రజనును ఆ రోజు సాయంత్రమే ఊడ్పించాలి. స్క్రూ రబ్బరు వాషరుతో ఉండాలి. వాషరు నలిగి పక్కలకు పొంగేంత బిగించినా, వదులుగా ఉంచినా నీరు దిగుతుంది. చూరు వరుసలో, కొప్పు వరుసలో, మూలల్లో రేకు మీది ప్రతి ఎత్తు గీతకూ ఒక స్క్రూ పెట్టించాలి, నడుమ గీత విడిచి గీతకు చాలు. పై రేకు కింది రేకు మీదికి కనీసం ఆరు అంగుళాలు ఎక్కాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రేకును బద్దీకి, బద్దీని దూలానికి, దూలాన్ని గోడలోకి దింపిన బోల్టుకు పట్టుకునే వరుసలో ఏ ముడీ వదులుగా ఉండకూడదు. గోడ మీద రెండు ఇటుకల బరువు పెట్టి దూలాన్ని ఆపిన ఇళ్ళు గాలివానకు రేకులతో సహా దూలాలను పోగొట్టుకుంటాయి.

రేకుల ఇంట్లో వేడి, వాన చప్పుడు రెండూ ఎక్కువ. కింద అడుగు మేర ఖాళీ వదిలి, రెండు వైపులా గాలి పోయే కంతలు పెట్టి, ఫాల్స్ సీలింగు వేయిస్తే వేడి చాలావరకు తగ్గుతుంది. ఆ కంతలు లేకుండా మూసేస్తే సగం లాభమే. రెండు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెళ్ళు వేడినీ చప్పుడునూ బాగా ఆపుతాయి, ఖర్చు స్లాబుకు దగ్గరగా పోతుంది. రేకుకు ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి: పొద్దు గూకగానే చల్లబడుతుంది, రాత్రి నిద్రకు స్లాబు కన్నా నయం.

మిగిలినవి

తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాల్లో బండలు చేతికందే దూరంలో ఉంటాయి కనుక, ఇనుప గర్డర్ల మీద బండలు పరిచి పైన కాంక్రీటు పూత వేసిన మిద్దెలు అక్కడ నేటికీ అర్థవంతమైనవే. బండ ఎక్కడో నుంచి లారీలో రావాలంటే ఆ లాభం రవాణాలో పోతుంది. దంతెల మీద, అంటే అడ్డ దూలాల మీద, చౌడు మట్టి పరిచిన రాయలసీమ మట్టి మిద్దెలు వేసవిలో ఎంతో చల్లన. ఏటా చౌడు వేయకపోతే నాని బరువెక్కి కూలుతాయి, అందుకే కొత్తగా కట్టేవారు అరుదు. తాటాకు, రెల్లు కప్పులు రెండు మూడేళ్ళకొకసారి మార్చాలి. నిప్పు భయం వల్ల నివాసానికి కాక పశువుల పాకకో పొలం కాపలా గుడిసెకో సరిపోతాయి.

ధర పోల్చేటప్పుడు చదరపు అడుగు రేటును ఒక్కటే పట్టుకోవద్దు. స్లాబు ధరలో వాలు పూత, పిట్టగోడ, మెట్లు, అదనపు పునాది కలపాలి. పెంకు ధరలో కలప, కొప్పు పెంకులు, సర్దే కూలి కలపాలి. రేకు ధరలో ఇనుప దూలాలు, ఫాల్స్ సీలింగు, ఎక్కువ వచ్చే ఏసీ బిల్లు కలపాలి. ఇంటికంతా ఒకే కప్పు ఉండాలన్న నియమం కూడా లేదు. పడక గదులకు స్లాబు, వరండాకు, వంటింటికి పెంకు, బండి నిలిపే చోటుకు రేకు వేసుకుంటే ప్రతి సామగ్రీ తనకు చేతనైన చోట పని చేస్తుంది. అయితే రెండు కప్పులు కలిసేచోట, గోడలోకి అంగుళం లోతు గాడి కోసి, తగరపు రేకు దోపి, సిమెంటుతో మూయించాలి, లేకపోతే మొదటి ముసురుకే ఆ గీత వెంట గోడ తడుస్తుంది.

స్లాబు పోయడానికి ముందు ఊచలు కట్టిన తీరును, కరెంటు పైపులు పోయిన దారులను ఫోనులో ఫొటోలు తీసి, ఏ మూల నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసి ఉంచుకోండి. పదేళ్ళ తరువాత ఫ్యాను కొక్కెం మార్చడానికో, సోలార్ పలకల కాళ్ళు బిగించడానికో డ్రిల్లు పెట్టేవాడు మొదట అడిగేది ఆ ఫొటోలనే.